తటాక జీర్ణోద్ధరణం – మరువరాని ధర్మం

సప్తసంతానములలో పూర్వులు తటాకాన్ని దేవాలయం సరసన నిలిపినారు. ఇందుకు తెలుగునేల చరిత్రయే సాక్షి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు నిర్మింపజేసి ధర్మకీర్తిసముద్రమని పేరిడినది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం తటాకానికి 12 అంగాలను, 6 దోషాలను చెప్పినది. కట్ట నుండి నీరు కారుట, చవుడునేల ఆ దోషాలలోనివి. నిత్యం 1000 మంది కూలీలు, 100 బండ్లతో 2 సంవత్సరాలకు ఆ చెరువు పూర్తియైనదట.

తటాక ప్రతిష్ఠలో ప్రధానమైనది ఉత్సర్గం. యజమాని జలాన్ని సర్వభూతాలకు ధారపోసి తన స్వత్వాన్ని త్యజించును. నాటినుండి కర్షకునికెంత హక్కో, దప్పిగొన్న పశువుకు, పక్షికి, జలచరానికి అంతే హక్కు. కనుక పూడిన చెరువును ఆక్రమించుట దత్తాపహారమే.

మూసీ జన్మస్థానమైన అనంతగిరికి చేరువనున్న ధారూర్ సీమకు ఈ ధర్మం విశేషంగా వర్తించును. కొండవానను పల్లానికి జారనీయక నిలుపునది చెరువే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ, పూడికమట్టిని పొలాలకు తరలించు పూర్వమార్గాన్ని మరల చూపినది. అయితే పూడికతీతతో కార్యం ముగియదు. నీరు వచ్చు వాగు, కట్ట, తూము, అలుగు నిలువవలెను. కొంగలు మేయు లోతులేని అంచును, తుంగను సైతం ఉండనీయవలెను.

ఆలయ జీర్ణోద్ధరణకు ముందుకువచ్చు భక్తులు చెరువును విస్మరింపరాదు. బతుకమ్మను సాగనంపుటకు నీరు లేని ఊరిలో గోపురమెంత ఎత్తైననేమి?