విరామ పునశ్చరణము

నేర్చిన విషయము మఱపునకు వచ్చుచున్న తరుణమున దానిని మరల స్మరించుచు, స్మరణము ఫలించినకొలది వ్యవధిని పెంచుకొనుచు పోవు అభ్యాసపద్ధతి. జర్మను మనస్తత్త్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్, అర్థరహితములైన అక్షరసంపుటులను తానే వల్లించి, మఱపు మొదట వేగముగను పిదప మందముగను సాగునని 1885లో ప్రకటించిన పరిశోధన దీనికి పునాది. 1987లో పోలండునందు పుట్టిన సూపర్‌మెమో, 2006లో వెలువడిన ఆంకి అను సాఫ్ట్‌వేరులు వ్యవధులను గణించు భారమును కంప్యూటరున కప్పగించినవి. ఈ పద్ధతిని వాడు ప్రోగ్రామరు తాను కోడు వ్రాసి, తప్పు చూచి, కారణ మెఱిగిన పిమ్మటనే ప్రశ్నోత్తరముల కార్డు వ్రాసికొనవలెను. అర్థముకానిదానిని వల్లించుట వట్టి కాలహరణము. కార్డు ఒక్క ప్రశ్ననే అడుగవలెను; ఉదాహరణమునకు: పైథాన్ ఫంక్షనులో డిఫాల్టు విలువగా ఖాళీ లిస్టు నుంచినచో నేమగును? ఫంక్షనును నిర్వచించునపుడే ఆ లిస్టు ఒక్కమాఱు పుట్టును గనుక, మొదటి పిలుపున చేర్చిన అంశము రెండవ పిలుపునను అందే నిలిచియుండును.