ఏడాది రాయకూడని సీసా

వైన్ కొనేవాళ్లు సీసా మీద ముందు వెతికేది పంట ఏడాదిని. ఇటలీ తూర్పు తీరంలో, అబ్రూజ్జో ప్రాంతపు రేవు పట్టణం ఒర్తోనా నుంచి వచ్చే ఒక ఎర్ర వైన్ మాత్రం ఏడాదితో కాక, పుస్తకాలకు వేసినట్టు ఎడిషన్ నంబరుతో పేరు తెచ్చుకుంది. దాని పేరు 'ఎడిట్సియోనె చింక్వె ఆటోక్తోని', అంటే ఐదు స్థానిక ద్రాక్షల కూర్పు. ఈ నంబరు వ్యాపారుల చమత్కారంలా కనిపిస్తుంది గానీ, దాని వెనుక ఉన్నది చట్టం.

ఇటలీ 1963లో తెచ్చిన డీఓసీ (మూలస్థాన నియంత్రణ) చట్టం వైన్ గౌరవాన్ని నేలకు కట్టేసింది. ఫలానా హద్దుల్లో పండిన ద్రాక్షతో చేస్తేనే ఆ ఊరి పేరు దక్కుతుంది. రెండు ప్రాంతాల సరుకు కలిపితే అది అట్టడుగు మెట్టు అయిన 'టేబుల్ వైన్'లో పడేది. దాని మీద ఊరు, ఏడాది, ద్రాక్ష రకం ఏవీ రాయకూడదన్నది అప్పటి నియమం. టస్కనీలో సస్సికాయా, తిన్యానెల్లో వంటి ఖరీదైన వైన్లు కూడా కొంతకాలం 'టేబుల్ వైన్' పేరుతోనే అమ్ముడయ్యాయి. 1992లో ఐజీటీ అనే కొత్త తరగతి వచ్చాక అలాంటివాటికి దారి దొరికింది. అదీ ప్రాంతానికి ముడిపడినదే కనుక, ఈ వైన్‌లో లాగా అబ్రూజ్జో ద్రాక్షనూ దక్షిణాది ప్రాంతం పూల్యా ద్రాక్షనూ కలిపినవాడికి ఒరిగిందేమీ లేదు.

నిజానికి దక్షిణాది వైన్‌ను మరొకదానిలో కలపడం ఇటలీకి కొత్త కాదు. పూల్యా ఎండకు ద్రాక్షలో చక్కెర పేరుకుంటుంది. వైన్ చిక్కగా, ముదురు రంగుతో, ఘాటుగా దిగుతుంది. చల్లటి ప్రాంతాల పలుచని వైన్‌కు అదే బలం. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్స్ తోటలను తినేస్తే, అక్కడి వర్తకులు బార్లెత్తా వంటి రేవుల నుంచి పీపాలు తెప్పించుకున్నారు. ఆ గిరాకీ చూసి పూల్యా రైతులు ఆలివ్ చెట్లు కొట్టేసి మరీ ద్రాక్ష వేశారు. 1888లో రెండు దేశాల మధ్య సుంకాల యుద్ధం మొదలయ్యేసరికి కొనేవాడు పోయాడు, తోట మిగిలింది. తర్వాతి కాలంలో ఆ సరుకు ఉత్తరాది వైన్లలోకి, తురినోలో చేసే వెర్ముత్ అనే సుగంధ వైన్‌లోకి వెళ్లింది. బలం పూల్యాది, పేరు ఇంకొకరిది.

ఈ చరిత్ర ఎరిగినవాళ్లకు, ఎడిట్సియోనెను కూర్చిన ఫిలిప్పో బక్కలారో పనిలో కొత్తదనం ఎక్కడుందో తెలుస్తుంది. వాలెంతీనో షోత్తీ, కమీల్లో దె యూలీస్‌లతో కలిసి 1994లో ఫర్నేజె సంస్థను నిలబెట్టిన వైన్ నిపుణుడాయన. (సంస్థకు పెట్టుకున్నది రాచవంశం పేరు. చక్రవర్తి ఐదో చార్లెస్ కూతురు, ఫర్నేజె ఇంటి కోడలు మార్గరీతా ఒర్తోనాను కొనుక్కుని, 1586లో అక్కడే కన్నుమూసింది.) ఆయన కూర్పులో సాధారణంగా మోంతెపుల్చానో 33 శాతం, ప్రిమితీవో 30, సాంజొవేజె 25, నెగ్రొఅమారో 7, మాల్వాజియా నేరా 5. పూల్యాలో ప్రిమితీవో ఆగస్టు చివరికే కోతకొస్తుంది. అబ్రూజ్జో మోంతెపుల్చానో అక్టోబరు దాకా తీగ మీదే ఉంటుంది. అందుకే ఇలాంటి వైన్‌లో దేనికది పులియబెట్టి, ఆ తర్వాతే పాళ్లు చూసి కలపాలి. పూల్యా ద్రాక్ష ఇక్కడ చాటుగా పోసే సరుకు కాదు, గొప్పగా చెప్పుకునే వాటాదారు.

'స్థానిక' అన్న మాటను మాత్రం మరీ గట్టిగా పట్టుకోకూడదు. ప్రిమితీవో, కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్, క్రొయేషియా తీరంలో దొరికిన ఒక పాత రకం, మూడూ ఒకటేనని 2001 నాటికి డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. అంటే ఐదింటిలో ఒకటైనా ఏడ్రియాటిక్ సముద్రం దాటి వచ్చినదే కావచ్చు.

2020లో సంస్థ పేరు ఫాంతీనిగా మారింది. అంతకుముందే, 2009 నుంచి, అట్టడుగు తరగతి వైన్ మీద కూడా కొన్ని షరతులతో ఏడాది, ద్రాక్ష పేరు రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకుంది. ప్రాంతం పేరు వేసుకోవడానికి మాత్రం ఇప్పటికీ వీల్లేదు.