త్రీ నాట్ త్రీ రైఫిల్: పేల్చే ముందు పరీక్ష తప్పనిసరి

పోలీసు బలగాల చేతుల్లో దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన నమూనాను పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలోనూ తయారు చేశారు. పైకి మెరుస్తున్నంత మాత్రాన ఇంత పాత ఆయుధం పేల్చడానికి పనికివస్తుందని భావించరాదు. పరీక్షించే బాధ్యత శిక్షణ పొందిన ఆర్మరర్‌దే.

ముందుగా గొట్టాన్ని సురక్షితమైన దిశకు తిప్పి, మేగజీన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితోనూ, వేలితోనూ నిర్ధారించుకోవాలి.

ముద్రలు: కవాతుకు మాత్రమే కేటాయించిన రైఫిళ్లపై డీపీ అనే అక్షరాలు ఉంటాయి. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ పేల్చరాదు. బోల్టుపైనా, రైఫిల్ బాడీపైనా ఒకే సంఖ్య ఉందో లేదో చూడాలి. సంఖ్యలు వేరైతే బోల్టు మరో రైఫిల్‌ది అయి ఉండవచ్చు.

తూటా: 1960లలో ఇషాపూర్‌లో ఇదే ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లు తయారయ్యాయి. ఒకదాని తూటాను మరొకదానిలో వాడటం ప్రమాదకరం.

గొట్టం: వెలుతురు వైపు పట్టి లోపల చూడాలి. పాత తూటాల ప్రైమర్ వదిలే లవణాలు తేమను పీల్చుకుని లోహాన్ని తినివేస్తాయి. లోపల నల్లని వలయం కనిపిస్తే ఆ చోట గొట్టం ఉబ్బి ఉండవచ్చు. చెక్క భాగంలో పగుళ్లూ గమనించాలి.

హెడ్ స్పేస్: అన్నింటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. బోల్టు ముఖానికీ, తూటా అంచు ఆనుకునే చోటుకీ మధ్య దూరాన్ని గేజిలతో కొలుస్తారు. 0.064 అంగుళాల గేజిపై బోల్టు మూసుకోవాలి, 0.074 అంగుళాల గేజిపై మూసుకోకూడదు. దూరం మితిమీరితే తూటా తొడుగు వెనుక భాగంలో చీలి, వేడి వాయువులు పేల్చే వ్యక్తి ముఖం మీదికే ఎగదన్నే ప్రమాదం ఉంది. ఒకసారి పేల్చి చూస్తే తెలుస్తుందనుకోవడం పొరపాటు. బాగానే పేలిన రైఫిల్ మరుసటి తూటాకే విఫలం కావచ్చు.

ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటి రైఫిల్‌ను ఉంచుకోవడమే నేరం. పూర్వీకుల ఇళ్లలో పాత తుపాకీ బయటపడితే దాన్ని కదపకుండా సమీప పోలీసు స్టేషన్‌కు తెలియజేయాలి.