పికప్ ట్రక్కు గూడు, దాని పైకప్పులో గుడారం

పికప్ ట్రక్కు వెనక తొట్టి మీద బిగించే గూడు అసలు పని సామానును వాననుంచి, దుమ్మునుంచి కాపాడటం. ఇప్పుడు ఆ గూడు పైకప్పులోనే గుడారాన్ని మడిచి పెడుతున్నారు. బండి ఆపి కప్పు పైకి నెడితే ఇద్దరికి పడక సిద్ధమవుతుంది. ఇంత తేలికైన ఏర్పాటు దగ్గరికి రావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఆ నూరేళ్లూ తయారీదారులు పెనుగులాడింది ముఖ్యంగా బరువుతోనే.

ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి కారుకు వెనక ఉక్కు తొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మింది. అప్పటికే అమెరికాలో కారు వేసుకుని వెళ్లి గుడారంలో బస చేసే అలవాటు బలపడింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో అలాంటి యాత్రికులు ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పెట్టుకున్నారు. కంపెనీ అధిపతి హెన్రీ ఫోర్డ్, ఆవిష్కర్త ఎడిసన్, టైర్ల తయారీదారు ఫైర్‌స్టోన్ కూడా కలిసి అడవులకు వెళ్లేవారు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా వారి విడిదికి వచ్చాడు. వారి వెంట వంటకు, సామానుకు వేరే బండ్లు, పనివాళ్లు ఉండేవారు. మామూలు రైతుకు ఆ వసతి ఎక్కడిది? ఉన్న ఒక్క బండే అన్నిటికీ పనికి రావాలి. ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి రాసిన ఉత్తరం గురించి అక్కడ నేటికీ చెప్పుకుంటారు: ఆదివారం చర్చికి, సోమవారం పందులతో సంతకు వెళ్లగలిగే బండి కావాలని ఆమె అడిగింది. దానికి జవాబుగా గీలాంగ్‌లో ఫోర్డ్ ఉద్యోగి లూయిస్ బాండ్ట్ గీసిన నమూనా 1934లో ‘యూట్’గా, అంటే ముందు కారు, వెనక తొట్టి ఉన్న బండిగా, రోడ్డెక్కింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొట్టిలోకి దించే చిన్న ఇళ్లు వచ్చాయి. 1942లో అమెరికా సైన్యం వేసిన అలాస్కా హైవే 1948లో అందరికీ తెరుచుకుంది. దూరప్రయాణాల మోజు పెరిగింది. 1950లలో వచ్చిన అలాస్కన్ క్యాంపర్‌లో పై సగం కింది సగం మీదికి దిగేది. హైడ్రాలిక్ జాకీలతో మళ్లీ లేపేవారు. ప్రయాణంలో ఎత్తు తగ్గి గాలి తాకిడి తగ్గడం అందులోని గొప్ప ఆలోచన. 1960లో రచయిత జాన్ స్టైన్‌బెక్ జీఎంసీ ట్రక్కు మీద గట్టి గోడల గదిని పెట్టించుకుని, తన కుక్క చార్లీతో దేశం చుట్టి వచ్చాడు. ఆ బండి ఇప్పుడు సలీనాస్‌లోని మ్యూజియంలో ఉంది. అయితే అలాంటి గదులు బాగా బరువు. పైభారం పెరిగి మలుపుల్లో బండి ఒరిగేది, తొట్టి మరో పనికి మిగిలేది కాదు.

గుడారం మాత్రం వేరే దారిలో వచ్చింది. 1958 నాటికే ఇటలీలో కారు కప్పు మీద విప్పుకునే గుడారాలు తయారయ్యాయి. తూర్పు జర్మనీలో చిన్న ట్రబాంట్ కార్లకు కూడా వాటిని బిగించారు. దక్షిణాఫ్రికాలో ఇవి బాగా స్థిరపడ్డాయి. నేల తడి, పురుగు పుట్ర, అడవి జంతువుల భయం ఉన్నచోట ఎత్తున పడుకోవడం విలాసం కాదు, అవసరం.

ఈ రెండు దారులూ చివరికి ఒకే గూటిలో కలిశాయి. కేప్‌టౌన్‌లో అలూ-క్యాబ్ కంపెనీ అల్యూమినియం గూళ్లకు, అమెరికాలోని మోంటానాలో గో ఫాస్ట్ క్యాంపర్స్ కంపెనీ ఉక్కు గొట్టాల చట్రానికి గుడారాన్ని విడదీయలేనట్టు కలిపాయి. కప్పు ముందు అంచున, డ్రైవర్ క్యాబిన్ పైన, కీలు ఉంటుంది. వెనక అంచును గ్యాస్ స్ట్రట్‌లు పైకి లేపుతాయి. మధ్యలో గుడ్డ గోడలు బిగుసుకుంటాయి. పడక పలకలు కొన్ని ఎత్తేస్తే తొట్టిలోనే నిలబడి బట్టలు మార్చుకోవచ్చు. అమెరికా నమూనా బరువు సుమారు 125 కిలోలు. అందుకే బోల్టులు బిగించి ఏడాదంతా వదిలేస్తారు. సోమవారం పనిముట్లు, శనివారం పరుపు అదే తొట్టిలో ఎక్కుతాయి.

లోపాలూ ఉన్నాయి. చలికాలంలో ఊపిరి తేమ గుడ్డ గోడలకు నీటి చుక్కలై పడుతుంది, గాలివానలో గుడ్డ కొట్టుకుంటుంది, తడిసిన గుడారాన్ని మడిస్తే బూజు పడుతుంది. మంచు ప్రాంతాల్లో ఎక్కువ రోజులు గడిపేవారు ఇప్పటికీ బరువు భరించి గట్టి గోడల గదులనే ఎంచుకుంటున్నారు.