గంజి పెట్టిన తెల్ల టోపీల దేశం

మన ఊళ్ల నుంచి ఎవరు నెదర్లాండ్స్ వచ్చినా ఒకసారి వోలెండామ్ తీసుకెళ్లడం ఇక్కడి తెలుగువాళ్లకు ఆనవాయితీ. ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గర. నీటి ఒడ్డున వేయించిన చేపల వాసన, జున్ను దుకాణాలు, వరసగా ఫొటో స్టూడియోలు. పెద్దవాళ్లకు నల్ల దుస్తులు తొడిగి, చేతికి పూలబుట్ట ఇచ్చి, అమ్మ తలమీద రెండువైపులా రెక్కల్లా పైకి లేచిన తెల్ల లేసు టోపీ పెట్టి ఫొటో తీస్తారు. హైదరాబాదులో, విజయవాడలో ఎన్నో ఇళ్లలో ఆ ఫొటో ఉంటుంది. చూసినవాళ్లు "డచ్చివాళ్ల వేషం బాగుందే" అంటారు.

ఆ టోపీ పేరు హుల్. అది దేశమంతటిదీ కాదు, ఒక్క వోలెండామ్‌ది. నీటికి అవతల కంటికి ఆనేంత దూరంలో మార్కెన్ ఉంది. 1957లో కట్ట వేసి కలిపేదాకా అదొక దీవి. అక్కడి ఆడవాళ్లు హుల్ పెట్టుకోలేదు, వాళ్ల టోపీ వేరు. వోలెండామ్ క్యాథలిక్ ఊరు, మార్కెన్ ప్రొటెస్టెంట్ ఊరు. ఒకే నీళ్లలో చేపలు పట్టి బతికారు కానీ తలమీద గుడ్డ మాత్రం ఒకటి కానివ్వలేదు. 1881లో వోలెండామ్‌లో స్పాండర్ హోటల్ తెరిచాక చిత్రకారులు వచ్చి నెలల తరబడి ఉండిపోయారు. వాళ్ల బొమ్మల్లోంచి ఆ టోపీ పోస్టర్లకు, చాక్లెట్ డబ్బాలకు, జర్మనీలో డచ్చి జున్ను అమ్మే ప్రకటనలకు ఎక్కింది. అలా ఒక పల్లె జాలరి స్త్రీల ఆదివారపు టోపీ దేశం మొత్తానికి గుర్తయి కూర్చుంది.

ఇక్కడ స్థిరపడ్డాక నేను ఈ దేశ చరిత్ర పుస్తకాలు చదివాను, కాలువల పక్క విగ్రహాలూ చూశాను. కానీ ఈ సమాజం ఎలా నడిచిందో నాకు తెలిసింది పాత టోపీలను చేత్తో మళ్లీ కుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడే. ఏ ఊరు, ఏ మతం, పెళ్లయిందా లేదా, ఇంట్లో ఎవరు పోయి ఎంతకాలమైంది, పొలం ఎంత పండింది అన్నవన్నీ ఒకప్పుడు నోరు విప్పకుండానే తల చెప్పేసేది. సాదాసీదాగా, అందరూ సమానంగా కనిపించే ఈ దేశంలో అంత పట్టింపు ఉండేదంటే మొదట నమ్మలేకపోయాను.

తల కప్పుకోవడానికి మూలం మతంలో ఉంది. బైబిల్లో కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, ప్రార్థించే స్త్రీ తల కప్పుకోవాలని ఉంది. మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో గుడికి వెళ్తూ చీర కొంగు తలమీదికి లాక్కునేది ఆ మాటకే. ఐరోపాలో అది గుడి దాటి వీధిలోకీ వంటింట్లోకీ వచ్చి పెళ్లయిన స్త్రీ గౌరవానికి గుర్తుగా నిలబడింది. వెర్మీర్ గీసిన పాలు పోసే పనిమనిషి తలమీదా, ఫ్రాన్స్ హల్స్ 1664 ప్రాంతంలో గీసిన హార్లెమ్ వృద్ధాశ్రమ నిర్వాహకురాళ్ల తలలమీదా తెల్లగుడ్డే ఉంది. పనిమనిషి గుడ్డకూ పెద్దింటి గుడ్డకూ తేడా నేతలోనూ తెలుపులోనూ ఉంటుంది.

ఆ తెలుపు ఊరికే రాదు. అవిసె నారతో నేసిన లినెన్ మగ్గం మీంచి దిగేటప్పుడు మట్టిరంగులో ఉంటుంది. దాన్ని బూడిద క్షారంలో ఉడికించి, గడ్డిమీద పరిచి, ఎండకూ నీటికీ వదిలి, మజ్జిగలో నానబెట్టి, మళ్లీ పరిచి, ఇలా నెలల తరబడి చేసేవారు. హార్లెమ్ పక్క ఇసుకదిబ్బల నీళ్లు తేటగా ఉండటంతో ఐరోపాలో చాలా చోట్ల నేసిన బట్ట అక్కడికే వచ్చి తెల్లబడేది. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న, రూయిస్‌డాల్ గీసిన హార్లెమ్ దృశ్యంలో ఊరి ముందు పచ్చికమీద పొడుగాటి తెల్ల పట్టీలు కనిపిస్తాయి. చాలామంది దాని ముందు నిలబడి మేఘాలు చూసి వెళ్లిపోతారు. నేను ఎవరినైనా తీసుకెళ్తే ముందు ఆ పట్టీలే చూపిస్తాను. డచ్చి స్వర్ణయుగం అని గొప్పగా చెప్పుకునేదానిలో ఓడలకెంత వాటా ఉందో, బట్ట తెల్లబరుస్తూ క్షారంలో చేతులు పగిలిన ఆడవాళ్లకూ అంత ఉందని నా నమ్మకం.

ఇక ఓరైజర్ సంగతి. పదిహేడో శతాబ్దంలో అది తల వెనకనుంచి చుట్టి వచ్చి చెంపల దగ్గర ఆగే సన్నని లోహపు తీగ. టోపీ జారకుండా పట్టి ఉంచడమే దాని పని. ఆ తీగ రానురాను వెడల్పయింది. వెండి అయింది, బంగారమయింది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పందొమ్మిదో శతాబ్దం నడిమికి పుర్రె అంతటినీ కప్పే బంగారు శిరస్త్రాణమైంది. లోపల బిగువైన చిన్న టోపీ, దానిమీద బంగారం, దానిమీద మెరుపు కనిపించేంత పల్చని లేసు. 1809లో ఇంగ్లండులో హీత్‌కోట్ అనే ఆయన జాలీగుడ్డ నేసే యంత్రానికి పేటెంటు తెచ్చుకున్నాక ఆ లేసు మధ్యతరగతికీ అందింది. టోపీలు పెద్దవయ్యాయి.

ఆ బంగారమంతా ఎక్కడిదని అడగాలి కదా. వెన్నదీ పశువులదీ. ఇంగ్లండు పట్టణాలు పెరిగేకొద్దీ ఫ్రీస్‌లాండ్ రైతు దశ తిరిగింది, ఆ లాభం ఇంటావిడ తలకెక్కింది. ఆడపిల్లకు పెట్టే ఆస్తి అది. 1878 నుంచి అమెరికా ధాన్యం చవకగా దిగి ఐరోపా వ్యవసాయం కుదేలైనప్పుడు ఎన్నో ఓరైజర్లు అమ్ముడై కొలిమికి వెళ్లాయి. ఈలోగా నగరపు ఫ్యాషన్ పల్లెకు చేరింది. కొంతకాలం ఆడవాళ్లు బంగారమూ లేసూ తీయకుండానే వాటిమీద ప్యారిస్ తరహా పూల టోపీ కూడా పెట్టుకుని తిరిగారు. ఆనాటి ఫొటోలు చూస్తే రెండు కాలాలు ఒకే తలమీద ఇరుక్కున్నట్టుంటుంది. వాళ్ల ఇబ్బంది నాకు బాగా తెలుసు. పాతది వదల్లేక, కొత్తది కాదనలేక రెండూ మోయడం పరదేశంలో ఉన్న ఎవరికైనా అర్థమవుతుంది.

దక్షిణాన జేలాండ్ ప్రాంతంలో కథ వేరు. స్పెయిన్ రాజుమీద ఎనభై ఏళ్ల యుద్ధం 1648లో ముగిసి ఇది స్వతంత్ర దేశమైనప్పుడు పెత్తనం ప్రొటెస్టెంట్లది. క్యాథలిక్కులు బహిరంగంగా పూజ చేసుకునే వీలు లేకుండా చాలాకాలం బతికారు. తర్వాత హక్కులొచ్చినా పందొమ్మిదో శతాబ్దం చివర సమాజం నిలువునా చీలి, ఎవరి బడి వారిది, ఎవరి పత్రిక వారిది, ఎవరి కార్మిక సంఘం వారిది అన్నట్టయింది. జౌడ్ బేవెలాండ్‌లో దీన్ని టోపీలోనే చూడొచ్చు. ప్రొటెస్టెంటు స్త్రీది ముఖం చుట్టూ ఆల్చిప్పలా విచ్చుకున్న గుండ్రని టోపీ, క్యాథలిక్కు స్త్రీది పైన మూలలు తేలిన పలక టోపీ. నుదుటి పక్కన పలకల్లాంటి బంగారు బిళ్లలు ఇద్దరికీ ఉంటాయి. సంతలో పది గజాల దూరంనుంచే ఎవరు ఎవరో తెలిసిపోయేది.

పల్లె వేషాన్ని ఇవాళ మనం చూసినట్టు ప్రదర్శన వస్తువుగా చూడటం 1898లో గట్టిపడింది. విల్హెల్మినా రాణి పట్టాభిషేకం సందర్భంగా ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో దేశంలోని ప్రాంతీయ దుస్తులన్నీ బొమ్మలకు తొడిగి పెట్టారు. అప్పటికి ఎన్నో ప్రాంతాల్లో ఆ దుస్తులు పెట్టెల్లోకి వెళ్లిపోతున్నాయి. 1932లో అఫ్స్‌లౌట్‌డైక్ కట్ట పూర్తయి జౌడర్‌జే సముద్రం మంచినీటి సరస్సయింది. ఉప్పునీటి చేపతో బతికిన ఊళ్లు వృత్తి పోగొట్టుకున్నాయి, వృత్తితో పాటు వేషం కూడా సడలింది. కట్ట కట్టడం తప్పని నేననను. 1916 వరద చూసినవాళ్లు, దక్షిణాన 1953లో 1,836 మందిని పోగొట్టుకున్నవాళ్లు కట్టలు కట్టుకోక ఏం చేస్తారు? కానీ మూల్యం ఎవరు చెల్లించారో చెప్పుకోవాలి.

ఇప్పుడు ఈ టోపీలు మళ్లీ కుట్టేది గ్రామ వేషధారణ సంఘాల్లోని ఆడవాళ్లు, మ్యూజియాల కుట్టుగదుల్లో పనిచేసేవాళ్లు, పాతకాలపు జీవితాన్ని ఆ కాలపు పద్ధతుల్లో ప్రదర్శించే ఔత్సాహికులు. నాకు నేర్పిన ఆవిడ ఫ్రీస్‌లాండ్ పల్లెలో పుట్టారు, వాళ్ల నాయనమ్మ ఇతరుల టోపీలు ఉతికి గంజి పెట్టి మడతలు తీర్చి బతికారు. అదొక వృత్తి అప్పట్లో. శనివారం టోపీ ఇస్తే ఆదివారం గుడి వేళకు సిద్ధం చేయాలి.

పని ఇలా ఉంటుంది. పాత టోపీని సాగదీయకుండా పరిచి కొలుస్తారు. భూతద్దం కింద సెంటీమీటరుకు ఎన్ని పోగులో లెక్కిస్తారు. కాగితంమీద నమూనా గీసి, దానికి దగ్గరి పల్చని లినెన్ వెతుకుతారు. ఇదే కష్టం, ఆనాటి చేతివడుకు పోగంత సన్నది ఇవాళ దొరకదు. అంచులు వేళ్ల మధ్య నులిమి చుట్టి కనపడని కుట్టు వేస్తారు. తూర్పు ప్రాంతాల టోపీలకైతే తడిగుడ్డకు చిక్కటి గంజి పట్టించి, గోళ్లతో వెంట్రుకంత మడతలు ఒకటొకటే గిల్లుకుంటూ పోవాలి. మధ్యలో ఆరిపోతే ఆ వరస మళ్లీ తడపాలి. ఓరైజర్‌కు ఇత్తడి రేకు కొట్టి పూత వేస్తారు. లేసు దగ్గరే తగాదా. కొందరు చిరిగిన పాత టోపీల లేసు కత్తిరించి కొత్తదానికి అతుకుతారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, నాకు మాత్రం నచ్చదు. చిరిగినదైనా అసలుది సాక్ష్యం. దాన్ని కోసి నకలు చేయడం కంటే యంత్రపు లేసుతో కుట్టి, అది యంత్రపుదేనని చెప్పడం మేలు.

స్టాప్‌హోర్స్ట్ ఊరి స్త్రీలు వేరే దారి కనిపెట్టారు. చెక్కకో బెండుకో మేకులు గుచ్చి, వాటి తలలు రంగులో ముంచి, నల్లగుడ్డమీద చుక్కలు చుక్కలుగా పూలు అద్దుతారు. రెండో ప్రపంచయుద్ధంలో అచ్చుగుడ్డ దొరకనప్పుడు ఆ పని బాగా అక్కరకొచ్చింది. ఇప్పటికీ వాళ్ల టోపీలమీద ఆ చుక్కల పూలున్నాయి. స్పాకెన్‌బర్గ్‌లో అయితే నడితలమీద చిన్న తెల్లని అల్లిక టోపీ పెట్టుకుని రోజూ సరుకులకు వెళ్లే ముసలమ్మలను నేనే చూశాను. వాళ్ల తరంతో అది ఆగిపోతుందని వాళ్లే అంటారు.

ఇక మనకు తగిలే సంగతి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రీస్‌లాండ్ స్త్రీలు ఎండకు పెద్ద గడ్డి టోపీ పెట్టుకునేవారు. దాని లోపలివైపు, ముఖానికి ఎదురుగా, ఎర్రపూల చీటీగుడ్డ అస్తరు వేసేవారు. ఆ గుడ్డ మన కోరమండల్ తీరానిది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605 నాటికే మచిలీపట్నంలో దిగింది. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం. 1825లో బ్రిటిషువాళ్లకు అప్పగించి పోయేదాకా ఉన్నారు, బందరులో వలందపాలెం అన్న పేటను వదిలివెళ్లారు. మనవాళ్లు కలంతో గీసిన గుడ్డలు ఇచ్చి డచ్చివాళ్లు తూర్పుదీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు, మిగిలినవి ఇంటికి తెచ్చుకున్నారు. హిండెలోపెన్ అనే రేవు ఊరి స్త్రీలు పొడుగు కోట్లే వాటితో కుట్టించుకున్నారు, మైలలో ఉంటే నీలం తెలుపు పూలవి. 2017లో లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియం ఈ గుడ్డలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అదే కంపెనీ ఓడల్లో, కరువు సంవత్సరాల్లో, కోరమండల్ తీరంనుంచి వేలమంది మనుషులను కొని బానిసలుగా తూర్పుదీవుల్లోని బటావియాకు తీసుకుపోయారు. పూలగుడ్డ అందంగా ఉంది కదా అని ఆ సంగతి పక్కన పెట్టలేను. 2023 జూలై 1న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ బానిసత్వానికి క్షమాపణ చెప్పారు. చెప్పాల్సిన మాటే.

నాకు నేర్పిన ఆవిడ ఇప్పుడు ఆ గడ్డి టోపీ నకలు చేస్తున్నారు. గడ్డి అల్లిక కుదిరింది. అస్తరుకు ఇక్కడ దొరికే అచ్చుగుడ్డ చాలా చదునుగా ఉంది, ఆ ఎరుపు రావడం లేదు. అసలు ఎరుపు ఎలా వచ్చేదని నన్ను అడిగారు. చెప్పాను: గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టడం, తుప్పు ఇనుము బెల్లంలో పులియబెట్టిన నల్లరంగుతో గీతలు గీయడం, ఎర్రబడాల్సిన చోట పటిక పూయడం, చిరివేరుతో ఉడికించడం, నీలిలో ముంచేటప్పుడు మిగతా చోట మైనం కప్పడం. కృష్ణా ముఖద్వారం ఇసుకనేలల్లో పండిన చిరివేరు ఎరుపుకు ఎదురులేదని ఆనాటి వర్తకులు రాసుకున్నారు. 1869లో ప్రయోగశాల ఎరుపు బజారుకొచ్చాక దాని సాగు అడుగంటింది. ఆవిడ అన్నీ రాసుకున్నారు. తర్వాత మ్యూజియం టోపీ అస్తరు కొలతలూ, పూల నమూనా గీసిన కాగితమూ నా చేతిలో పెట్టారు. వాటిని శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్లకు పంపుతున్నాను. గజం గుడ్డ చాలు, వేరురంగే కావాలి, ధర ఎంతైనా ముందే చెప్పమని రాశాను.