కుట్టుయంత్రంలో దాగిన మగ్గం



మదురై నుండి తేనికి పోయే దారిలో ఆండిపట్టి ఉంది. దాని చుట్టుపట్ల సక్కంపట్టి, టి. సుబ్బులాపురం వంటి ఊళ్లు చేనేతకు పేరుపడినవి. ఈ ప్రాంతపు వీధుల్లో నడిస్తే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి మగ్గానిది, రెండవది కుట్టుయంత్రానిది. మొదటిది ఏటికేడు తగ్గుతోంది. రెండవది పెరుగుతోంది.

ఒకనాడు తరగతిలో పిల్లలను అడిగాను: "మీ అమ్మ కుట్టే మిషనులో సూది కింద ఏముంటుంది?" "బాబిన్, షటిల్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. "షటిల్ అంటే ఏమిటి?" అన్నాను. ఎవరూ పలకలేదు. చివరి వరుసలోని ఒక అమ్మాయి మెల్లగా, "మా అవ్వ మగ్గంలో నాడె అంటుందే, అదేనా అయ్యా?" అంది.

అదే. ఆ బిడ్డ ఊహించి చెప్పిన మాటలో కుట్టుయంత్ర చరిత్రలో సగం ఉంది. ఆ చరిత్రను మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

చేతికుట్టును ఒకసారి తలచుకోండి. సూది మొన ఒక చివర, బెజ్జం మరొక చివర. సూది గుడ్డను దాటి పూర్తిగా అవతలికి పోవాలి, తిరిగి ఇవతలికి రావాలి. ఆ పని వేళ్లకు సులభం, యంత్రానికి చాలా కష్టం. గుడ్డను దాటిపోయిన సూదిని అవతల ఎవరు పట్టుకోవాలి? తొలినాళ్లలో యంత్రం చేయబూనినవారు పలువురు మనిషి చేతిని అనుకరించబోయి, ఈ చిక్కు దగ్గరే ఆగిపోయారు.

1790లో ఇంగ్లండులో థామస్ సెయింట్ అనే ఆయన తోలు కుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. అందులో ముందుగా ఒక ఆరె తోలుకు బెజ్జం పొడుస్తుంది, తరువాత చీలిక మొన గల సూది దారాన్ని ఆ బెజ్జంలోనికి తోస్తుంది. ఆరె అంటే చెప్పులు కుట్టేవారి పనిముట్టు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో తెలుగు ఇంటిభాషగా గల అరుంధతీయుల ఇళ్ల బిడ్డలు మన బడులలో ఉన్నారు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ పనిముట్టు సంగతి వారినే అడగండి. ప్రపంచపు తొలి కుట్టుయంత్రపు ఊహ తోలుపని నుండి పుట్టిందని తెలిస్తే, ఆ బిడ్డ తరగతిలో తల ఎత్తుకొని కూర్చుంటాడు.

ఆ తరువాత ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొందాడు. ఆయన యంత్రం కొక్కెం వంటి సూదితో ఒకే దారాన్ని లాగి గొలుసుకుట్టు వేసేది. పారిస్‌లో అటువంటి 80 యంత్రాలతో సైనికుల దుస్తులు కుట్టించసాగాడు. తమ కూడు పోతుందని భయపడిన దర్జీలు 1831లో ఆ యంత్రాలను విరగగొట్టారు. వారిని మూర్ఖులని తేలికగా తీసివేయకండి. మరమగ్గం వచ్చినప్పుడు మన చేనేత ఇళ్లలో ఏమి జరిగిందో ఎరిగిన మనం ఆ భయాన్ని అర్థం చేసుకోగలం.

గొలుసుకుట్టులో ఒక లోపముంది. దారం చివర తెగితే, సరైన దిక్కున లాగినప్పుడు కుట్టంతా జలజలా ఊడివస్తుంది. దీనికి విరుగుడు మగ్గం నుండి వచ్చింది. 1830లలో న్యూయార్కులో వాల్టర్ హంట్, ఆయన సంగతి ఎరుగకనే 1840లలో ఎలియాస్ హౌ ఒకే ఊహకు చేరారు. ఆ ఊహలో రెండు భాగాలున్నాయి. ఒకటి, సూది బెజ్జాన్ని మొన దగ్గరకు తేవడం. అప్పుడు సూది గుడ్డను దాటి పోనక్కరలేదు. కొంత లోపలికి దిగి, దారాన్ని వెంటబెట్టుకొని దిగి, వెనుకకు వస్తే చాలు. రెండు, సూది వెనుదిరిగేటప్పుడు గుడ్డకు అవతల దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. ఆ ఉచ్చులో నుండి రెండవ దారాన్ని మోసుకొని ఒక చిన్న నాడె దూరిపోతుంది. పడుగుదారాల సందున పేకను మోసుకుపోయే నాడె ఏ పని చేస్తుందో, ఇది కూడా అదే పని చేస్తుంది. రెండు దారాలు గుడ్డ మందంలో ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. దీనినే టైలర్లు లాక్ స్టిచ్ అంటారు.

హంట్ పేటెంటు తీసుకోలేదు. కుట్టుపనితో బతికే ఆడవారి జీవనం దెబ్బతింటుందని ఆయన కుమార్తె వారించిందని చెబుతారు. హౌ మాత్రం 1845లో తన యంత్రంతో ఐదుగురు కుట్టుపనివారితో పోటీపడి గెలిచాడు. నిమిషానికి 250 కుట్లు వేశాడు. 1846లో పేటెంటు పొందాడు. అయినా ఆ యంత్రం సుఖంగా నడిచేది కాదు. గుడ్డను ఒక పలక ముళ్లకు గుచ్చి నిలువుగా వేలాడదీయాలి. పలక చివరిదాకా కుట్టాక యంత్రం ఆపి, గుడ్డను మరల గుచ్చాలి. వంపులు కుట్టడానికి వీలులేదు.

ఈ చిక్కులను విప్పినవారిలో ఇద్దరిని పిల్లలకు తప్పక పరిచయం చేయాలి. ఐజాక్ సింగర్ 1851 నాటి యంత్రంలో సూది నిలువుగా కదులుతుంది. గుడ్డ బల్లమీద అడ్డంగా పరచుకొని ఉంటుంది. దానిని అదిమిపట్టడానికి పాదం ఉంది. కాలితో తొక్కి నడపవచ్చు గనుక రెండు చేతులూ గుడ్డకే దక్కాయి. సింగరు పేరు ఇంటింటా ఎరిగినదే. అంత పేరు రాని రెండవ వ్యక్తి అలెన్ విల్సన్. ఇటూ అటూ పరుగెత్తే నాడెకు బదులు, ఒకేవైపు గుండ్రంగా తిరిగే కొక్కేన్ని ఆయన 1851లో పేటెంటు చేశాడు. నాడె కండెను మోసుకొని పరుగెత్తుతుంది. ఇక్కడ కండె ఉన్నచోటనే ఉంటుంది, పైదారపు ఉచ్చే దాని చుట్టూ తిరిగివస్తుంది. పరుగు లేదు గనుక వేగం పెరిగింది. బాబిన్ అని మనం పిలిచేది ఆ కండెనే.

విల్సన్ 1854లో చేసిన మరొక పని ఇంకా చక్కనిది. పాదం కింద కనిపించే ఇనుప పళ్లను గమనించండి. అవి లేస్తాయి, గుడ్డను ముందుకు జరుపుతాయి, కిందికి దిగుతాయి, వెనుకకు వస్తాయి. నాలుగు కదలికలు, ఒక కుట్టు. సూది గుడ్డలో దిగి ఉన్నంతసేపు పళ్లు గుడ్డను కదపకూడదు. సూది పైకి లేచాకనే జరపాలి. యంత్రం లోపలి గొప్పదనమంతా ఈ వేళ తప్పకపోవడంలోనే ఉంది. మగ్గంలో తొక్కుడుచెక్క, నాడె, పన్నె ఒకదాని వెంట ఒకటి ఎలా నడుస్తాయో మీ ఊరి నేతగానిని అడిగితే, ఈ సంగతి మీకు ఇంకా తేటగా బోధపడుతుంది.

ఈ యంత్రాన్ని ఏ ఒక్కరూ చేయలేదు. పేటెంట్ల మీద దావాలు నడిచి నడిచి, చివరకు 1856లో ప్రధాన తయారీదారులు, హౌ కలిసి తమ హక్కులను ఒక్కచోట చేర్చుకున్నారు. ఆ ఒప్పందం 1877 దాకా సాగింది. 1870లలో సింగరు యంత్రాలు మన దేశానికి చేరాయి. 1930లలో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా యంత్రాలను ఇక్కడనే చేయడం మొదలుపెట్టింది. యంత్రాలను విమర్శించిన గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగరు యంత్రానికి మినహాయింపు ఇచ్చారు. అది మనిషి శ్రమను తగ్గించేదే గాని మనిషిని తొలగించేది కాదని ఆయన తలంపు.

ఇక కాలి నుండి కరెంటుకు వద్దాం. ఇక్కడ కథ మన ముంగిటికే వస్తుంది. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందడంతో కోయంబత్తూరులో నూలుమిల్లులు వేగంగా పెరిగాయి. అంతకు ముందే 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లు నెలకొల్పారు. 1893లో కలంగల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారుచేశారు. భారతదేశంలో తయారైన తొలి మోటారుగా దానిని చెబుతారు. ఆ వెనుక 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ వచ్చి నూలుమిల్లుల యంత్రాలనే తయారుచేయసాగింది. బంజరు దున్ని పత్తి పండించిన తెలుగు కుటుంబాలు యంత్రాలను చేసే స్థితికి ఎదిగాయి. ఈ సంగతి ఆంధ్ర, తెలంగాణలలో ఎంతమందికి తెలుసు?

తిరుప్పూరు బనియను పరిశ్రమలో 'పవర్ టేబుల్' అనే మాట వింటాం. ఒక పొడవాటి బల్ల, కింద ఒక ఇరుసు, దానిని తిప్పే మోటారు, ఆ బల్లమీద వరుసగా కుట్టుయంత్రాలు. అక్కడ మరొక వింత ఉంది. బనియను గుడ్డ సాగుతుంది, లాక్ స్టిచ్ అంతగా సాగదు, తెగిపోతుంది. అందువల్ల ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ యంత్రాలు గొలుసుకుట్టు పద్ధతినే వాడతాయి. ఒకప్పుడు లోపమనుకొని పక్కన పెట్టిన కుట్టు, సాగే గుడ్డ వచ్చాక మరల అక్కరకు వచ్చింది. పనికిరానిదని దేనినీ తొందరపడి పారవేయరాదు.

మోటారు వచ్చాక మిగిలిన చిక్కు అదుపు. పాత క్లచ్ మోటారు కుట్టు లేనప్పుడు కూడా తిరుగుతూనే ఉంటుంది. కాలితో పెడల్ నొక్కితే రాపిడి పలక ఆ తిరుగుడును యంత్రానికి అందిస్తుంది. వేగం ఎంత ఉండాలో, సూది ఎక్కడ ఆగాలో కుట్టేవారి కాలికే తెలియాలి. నేటి సర్వో మోటారు కుట్టేటప్పుడే తిరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. సూది స్థానాన్ని కనిపెట్టి, చెప్పిన చోట పైననో కిందనో ఆపుతుంది. దారాన్ని తానే కత్తిరించే యంత్రాలూ ఉన్నాయి. కర్మాగారపు యంత్రాలలో నిమిషానికి 5000 కుట్లు వేసేవి ఉన్నాయి. 1975లో సింగర్ సంస్థ ఎలక్ట్రానిక్ అదుపు గల ఇంటి యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. కాలి నేర్పు మెల్లమెల్లగా మోటారులోనికి చేరుతోంది.

మిత్రులారా, ఇక మన బడి సంగతి. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఒకటవ తరగతి నుండి మొదలై ఏటా పై తరగతికి పాకుతూ తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, మన బిడ్డలు దానిని బాగా నేర్వాలి. నా బాధ వేరు. తెలుగు మాట్లాడే నేత ఇళ్లలో సైతం పిల్లలు పడుగును పావు అని, పేకను ఊడై అని అంటున్నారు. మగ్గం మూలపడితే, దానితోపాటు నాడె, కండె కూడా అటకెక్కుతాయి. పుస్తకంలో లేని మాట, ఇంట్లో వినబడని మాట, ఇక ఎక్కడ బతుకుతుంది?

ఒక పని చేసి చూడండి. కుట్టుయంత్రానికి పైన ఎర్రదారం, కింద తెల్లదారం ఎక్కించి, గుడ్డముక్క మీద నాలుగు అంగుళాలు కుట్టండి. అడుగువైపున ఎర్రదారం కనబడితే పైదారపు బిగువు చాలలేదని, పైన తెల్లదారం కనబడితే పైదారం మరీ బిగిసిందని పిల్లలే చెబుతారు. తరువాత చక్రాన్ని చేతితో మెల్లగా తిప్పి, ఉచ్చు ఎక్కడ ఏర్పడుతుందో చూపించండి. అప్పుడు బల్లమీద రాయండి: సూది, మొన, బెజ్జం, ఉచ్చు, నాడె, కండె, బిగువు. ఏడు మాటలు. ఒక్కటీ పరాయిది కాదు, ఒక్కటీ మనం కొత్తగా కల్పించినది కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో అవ్వ ఉంటే, ఆమె కాలపు మగ్గంలోని భాగాల పేర్లన్నీ చెప్పించి, బిడ్డచేత తెలుగు అక్షరాలలో రాయించండి. ఆనాడు చివరి వరుసలో నుండి ప్రశ్న వేసిన అమ్మాయి మరునాడు తన నోటు పుస్తకంలో పద్దెనిమిది మాటలు రాసి తెచ్చింది. వాటిలో ఐదు నాకే తెలియవు. ఆ పూట పాఠం ఆమే చెప్పింది, నేను బల్లమీద రాసుకున్నాను.