పట్టాలో పేరు

ముత్తాతగారి పేరు అడిగితే మనలో చాలామందిమి తడుముకోకుండా చెబుతాం. ఆయన తల్లిగారి పుట్టింటిపేరు అడిగి చూడండి! ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే ఆడదాని జాడ అమెరికాలోనూ అంతే.

అక్కడివాళ్ళకి వంశవృక్షాలంటే మహా సరదా. కానీ, పడమటి మైదానాలకి వలసవెళ్ళిన పూర్వీకుల సంగతి తేల్చడం అంత సులువు కాదు. ఆ రోజుల్లో పుట్టుకలు రాసిపెట్టే ఆఫీసులు అక్కడ చాలాచోట్ల లేవు. 1890 నాటి జనాభా లెక్కల కాగితాలేమో 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదం పాలయ్యాయి. దాదాపు ఏమీ మిగల్లేదు. అందుకే వాళ్ళు భూమి దస్త్రాలు తిరగేస్తారు.

1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, 21 ఏళ్ళు నిండినవాళ్ళు గాని, కుటుంబానికి పెద్ద దిక్కయినవాళ్ళు గాని 160 ఎకరాల దాకా సర్కారు భూమి అడగవచ్చు. అయిదేళ్ళు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, దున్ని పండించినట్టు రుజువు చూపాలి. ఇల్లెంత పొడుగు, ఎంత వెడల్పు? నుయ్యి తవ్వారా? పిల్లలెందరు? పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని ఆరాలు తీయరు! పైగా ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు సాక్ష్యం చెప్పాలి. పరదేశం నుంచి వచ్చినవాళ్ళయితే పౌరసత్వం కాగితాలు జతచేయాలి.

పెళ్ళికాని పిల్ల, వితంతువు, భర్త వదిలేసిన మనిషి సొంత పేరుమీద భూమి అడగవచ్చు. భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలికి మాత్రం ఆ హక్కు లేదు. ఆయనతో సమానంగా మట్టిపెళ్ళల ఇల్లు కట్టి, పాలు పితికి, పిల్లల్ని కన్న మనిషి చాలా దస్త్రాల్లో ‘భార్య’ అన్న ఒక్క మాటగా మిగిలింది. గడువు నిండకుండా ఆయన పోతే, మిగతా ఏళ్ళు తను పూర్తిచేసి పట్టా పుచ్చుకోవచ్చు. అంటే ఆవిడ పేరు పట్టాకెక్కాలంటే ఆయన పోవాలన్నమాట!

అసలు పేరే కనిపించనివాళ్ళూ ఉన్నారు. సర్కారు భూమి అన్నదాంట్లో చాలాభాగం అంతకుముందు ఆదివాసీ తెగలది. 1889లో డకోటాలో లకోటా తెగలకని ఉంచిన నేలని ముక్కలుచేసి, సుమారు 90 లక్షల ఎకరాలు వలసవచ్చినవాళ్ళ కోసం విడగొట్టారు. పూర్వీకుల పట్టా చూసి మురిసిపోయే మనవరాలు ఆ కథ కూడా చదవాలంటాను నేను.

కాగితం అబద్ధమాడకపోవచ్చు. కానీ అడిగినవాటికే జవాబు చెబుతుంది. మీ ఇంట్లో పాత పెట్టె అడుగున దస్తావేజులుంటే ఒకసారి తీసి చూడండి. సంతకాలు చేసినవాళ్ళ పేర్లు ఎలాగూ కనిపిస్తాయి. వేలిముద్రయినా ఎవరూ అడగనివాళ్ళు ఎవరో, వాళ్ళ కోసం కూడా వెతకండి.